తొలి గంటలోనే తేలిపోయే స్ట్రాబెర్రీ జాతకం

కొండ చలిని కొండమీదే వదిలేసి పండును ఎండలోకి దింపుతున్న వైనం

చింతపల్లి: పొగమంచు పూర్తిగా వీడకముందే లంబసింగి రోడ్డు పక్కన బల్లలు వేసుకుని, ఎర్రటి పండ్ల డబ్బాలను వరుసగా పేర్చి, గిరాకీ కోసం ఎదురుచూసే మహిళలు మన ఏజెన్సీలో ఇప్పుడు వింత దృశ్యం కాదు. శని, ఆదివారాలలో మైదాన ప్రాంతాల నుంచి వచ్చే సందర్శకుల కార్లు బారులు తీరితే మధ్యాహ్నానికల్లా బల్లలు ఖాళీ అవుతాయి. సోమవారం సంగతి వేరు. కార్లు ఉండవు, పండ్లు ఉంటాయి. మొక్కకు ఆదివారమని, సోమవారమని తేడా తెలియదు గదా! పండిన పండు కోయక తప్పదు, కోసిన పండు ఆగదు. ఇవాళ అమ్ముడుపోనిది రేపటికి మెత్తబడుతుంది, ఎల్లుండికి బూజు పడుతుంది.

పసుపు, రాజ్‌మా, కాఫీ పండించే మన రైతుకు ఈ తొందర కొత్త. పసుపు కొమ్ములను ధర లేనప్పుడు గోనె సంచుల్లో కట్టి అటకమీద పెట్టుకోవచ్చు. రాజ్‌మా గింజలూ అంతే. స్ట్రాబెర్రీకి ఆ వెసులుబాటు లేదు. మహాబలేశ్వరం వైపు నుంచి మొక్కలు తెప్పించుకోవాలి. ఎత్తు మడులు చేసి ప్లాస్టిక్ షీటు పరచాలి. డ్రిప్పు గొట్టాలు వేయాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాటిన మొక్కలు డిసెంబరు నుంచి మార్చి దాకా కాపునిస్తాయి. పెట్టిన పెట్టుబడంతా ఈ మూడు నాలుగు నెలల్లోనే తిరిగి రావలసి ఉంటుంది. అందుచేత పారబోసిన ప్రతి డబ్బా రైతు జేబులోంచి పోయిన డబ్బే.

సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తునున్న లంబసింగికి కొర్రబయలు అన్న పేరు కూడా ఉన్నది. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లవారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ చలి ఉండబట్టే ఈ పండు ఇక్కడ పండుతున్నది. అయితే పండించడానికి అక్కరకు వచ్చిన చలిని, కోత అయిన తర్వాత చాలామంది మరచిపోతున్నారు. పండు నిలవ ఉండటానికి కావలసింది కూడా అదే చలి.

తోలు లేని పండు

మామిడికి దళసరి తోలు ఉన్నది. అరటికి తొక్క ఉన్నది. సీతాఫలం సంగతి చెప్పనక్కరలేదు. స్ట్రాబెర్రీకి పైన ఉన్నది పొర మాత్రమే. గింజలు సైతం లోపల దాక్కోకుండా పైనే అంటుకుని ఉంటాయి. పండులో నూటికి 90 పాళ్ళు నీరే. ఆ నీరు పలచని పొరగుండా ఆవిరై పోతూనే ఉంటుంది. పండు బరువులో నూటికి ఆరు పాళ్ళు తగ్గితే చాలు, నిగారింపు పోయి ముడత కనిపిస్తుంది. ఆ పండును ఎవరూ కొనరు.

రెండో సంగతి మరీ ముఖ్యం. తెంపిన తర్వాత కూడా పండు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. తనలోని తీపిని తానే ఖర్చు చేసుకుంటూ వేడిని పుట్టిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న పండుతో పోల్చితే 20 డిగ్రీల దగ్గర ఉన్న పండు ఎనిమిది, పది రెట్లు వేగంగా ఊపిరి పీలుస్తుందని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. అంటే చల్లని చోట వారం రోజులలో ఖర్చయ్యే ఆయుష్షు, వెచ్చని చోట ఒక్క రోజులో కరిగిపోతుందన్నమాట. సున్నా డిగ్రీల దగ్గర, గాలిలో తేమ బాగా ఉన్నచోట మంచి పండు అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. విశాఖపట్నం వేడిలో బల్లమీద ఒకటి రెండు రోజులు ఉండటం కష్టం.

మామిడి, అరటి వంటివి పచ్చిగా కోసి మాగవేస్తే పండుతాయి, తీపెక్కుతాయి. స్ట్రాబెర్రీ అలా కాదు. కోసిన తర్వాత రంగు కొంత ముదురుతుందే గాని తీపి పెరగదు. తెల్లగా ఉన్నప్పుడు కోసి ఇంట్లో పెడితే పండుతుందనుకుంటే అది పుల్లగానే మిగిలిపోతుంది. కనుక రోడ్డు పక్కన అదే రోజు అమ్ముకునే పండును పూర్తిగా ఎర్రబడ్డాక కోయాలి. విశాఖకో అంతకన్నా దూరమో పంపేదాన్ని ముప్పాతిక వంతు ఎరుపెక్కగానే కోయాలి. రెండింటినీ ఒకే గంపలో వేసి పంపేవారికి సగం సరుకు దారిలోనే మెత్తబడుతుంది.

మంచు తెరిపి ఇచ్చేదాకా

కోత ఎప్పుడు అన్న దగ్గర లంబసింగి రైతుకు ఒక చిక్కు వచ్చి పడుతున్నది. పొద్దున్నే చల్లవేళ కోయాలని అన్ని పుస్తకాలూ చెబుతాయి. మహాబలేశ్వరానికైనా కాలిఫోర్నియాకైనా అదే మాట. కాని ఇక్కడ తెల్లవారుజామున ఆకులన్నీ మంచుతో తడిసి ఉంటాయి. పండుమీద నీటి బొట్లు నిలిచి ఉంటాయి. తడి పండును డబ్బాలో మూసిపెడితే బూజును పిలిచి పీట వేసినట్లే. పోనీ మంచు ఆరేదాకా ఆగుదామంటే ఎండ చురుక్కుమంటుంది, పండు వేడెక్కుతుంది.

ఈ రెండింటి మధ్య సన్నని సందు ఒకటి ఉన్నది. మంచు తెరిపి ఇచ్చి ఆకు ఆరిన దగ్గర నుంచి ఎండ ముదిరేలోగా ఉన్న ఆ కాసేపట్లో కోత ముగించాలి. అందుకు చేతులు ఎక్కువ కావాలి. ఇద్దరు మధ్యాహ్నం దాకా కోసే మడిని ఆరుగురు గంటన్నరలో ముగించవచ్చు. ఇరుగు పొరుగు రైతులు వరినాట్లకు చేసుకున్నట్లుగా చేబదుళ్ళ మీద సాయం చేసుకుంటే కూలి భారం కూడా పడదు.

కోసే తీరులోనూ కిటుకు ఉన్నది. పండును పట్టుకుని లాగరాదు. పండుకు అర అంగుళం పైన తొడిమను గోటితో గిల్లాలి. నెత్తిన ఉన్న ఆకుపచ్చ ముచ్చికను ఊడనీయరాదు. ముచ్చిక ఊడిన చోట పచ్చిపుండు పడుతుంది, క్రిములకు అదే వాకిలి. ఒక చేతిలో రెండు మూడు పండ్లకు మించి పట్టుకుంటే కిందిది నలుగుతుంది. నలిగినది అప్పటికప్పుడు కనిపించదు. సాయంత్రానికి అక్కడ నల్లని మచ్చ తేలుతుంది.

చాలామంది పండ్లను ముందు గంపలోకి కోసి, గట్టుమీద గుట్టగా పోసి, ఏరి, ఆ తర్వాత డబ్బాలకు ఎత్తుతుంటారు. ఒక్కో పండు మూడు చేతులు మారుతుంది. పై పండ్ల బరువుకు కింద ఉన్నవి చితికిపోతాయి. కాలిఫోర్నియాలో కోసేవారే మడిలో నిలబడి నేరుగా అమ్మే డబ్బాలోకే కోస్తారు. మళ్ళీ ఆ పండును ఇంట్లో తినేవారు ముట్టుకోవలసిందే. ఇందులో యంత్రం లేదు, పెట్టుబడి లేదు. రంధ్రాలున్న 200 గ్రాముల డబ్బాలను ఒక ట్రేలో పేర్చుకుని మడి వెంట తీసుకెళ్ళడమే. డబ్బాలో పండ్లు రెండు వరుసలకు మించకుండా చూసుకోవాలి.

కుళ్ళినదీ చచ్చినదీ మడిలోనే వదిలేయడం మరో పొరపాటు. స్ట్రాబెర్రీని తినేసే బూడిదరంగు బూజు పూత దశలోనే మొక్కలో చేరి, కాయ పండేదాకా చప్పుడు లేకుండా ఉంటుంది. కుళ్ళిన పండు ఒకటి మడిలో ఉంటే గాలికి దాని పొడి చుట్టుపక్కల పూతకంతా అంటుతుంది. అందుచేత కోతకు వెళ్ళేటప్పుడు చెడిపోయిన వాటికోసం వేరే బకెట్టు ఉంచుకోవాలి. దానిని నింపే మనిషి వేరు, మంచి పండు కోసే మనిషి వేరు అయితే మరీ మంచిది. చెడినవాటిని దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి. బూజు మందులు చల్లేవారు డబ్బామీద రాసిన గడువు పూర్తయ్యేదాకా కోతకు దిగరాదు. తొక్క తీసి తినే పండు కాదిది, పిల్లలు మడిలోనే కోసుకు తినేది.

అమ్మబోయే ముందు మట్టి పోవాలని పండ్లను నీళ్ళలో ముంచి తీసేవారు కూడా ఉన్నారు. మట్టి పోతుంది గాని దానితోబాటు ఒక రోజు ఆయుష్షు కూడా పోతుంది. ప్లాస్టిక్ షీటో వరిగడ్డో పరిచిన మడిలో పండుకు మట్టి అంటదు. కడగడం తినేముందు మాత్రమే.

ఖర్చు లేని శీతల గది

కోసిన గంటలోగా పండులోని వేడిని తీసేయాలన్నది ఈ వ్యాపారంలో మొదటి సూత్రం. గంట దాటిన కొద్దీ అమ్మకానికి పనికొచ్చే పండ్ల సంఖ్య తగ్గుతూ పోతుందని పరిశోధనలలో తేలింది. పెద్ద పెద్ద తోటలవారు కోసిన ట్రేలను శీతల గదిలో పెట్టి, ఫ్యాన్లతో చల్లగాలిని డబ్బాల మధ్యనుంచి లాగిస్తారు. అర ఎకరం, ఎకరం వేసుకున్న గిరిజన రైతు అంత పని చేయలేడు. కాని డిసెంబరు, జనవరి రాత్రులలో కొండమీద గాలే ఒక శీతల గది. దానికి కరెంటు బిల్లు లేదు.

దీన్ని వాడుకునే దారి ఇది. మరునాడు దూరం పంపవలసిన పండును పొద్దున కాకుండా సాయంత్రం ఎండ వాలి, చలి దిగుతున్న వేళ కోయవచ్చు. అప్పటికి మంచు కురవడం మొదలు కాదు గనుక పండు పొడిగా ఉంటుంది. పగటి వేడి కొంత పండులో ఉంటుంది నిజమే, అది రాత్రి తీరుతుంది. ట్రేలను నాలుగు వైపులా గాలి ఆడే పాకలో, పైన కప్పు ఉన్నచోట, నేలకు జానెడు ఎత్తున బల్లలమీద ఎడంగా పెట్టాలి. ఒకదానిమీద ఒకటి బిగించి పేర్చితే గాలి ఆడదు. కప్పు లేకపోతే మంచు పడి తడిసిపోతాయి. ఎలుకలు, పందికొక్కులు రాకుండా చుట్టూ వల కట్టుకోవాలి. తెల్లవారుజాముకు పండు కొండ గాలి అంత చల్లబడి ఉంటుంది. అప్పుడు మూత బిగించి, సూర్యుడు పొడవకముందే బండి ఎక్కించాలి. రోడ్డు పక్కన అమ్మేవారికి మాత్రం పొద్దున కోతే మేలు.

పొద్దున కోసినవారు కూడా పండును గట్టుమీద ఎండలో ఉంచరాదు. చెట్టు నీడ ఉంటే నీడలోకి, లేకుంటే తడిపిన గోనెపట్టా పైన కప్పు వేసిన పందిరి కిందకు చేర్చాలి. గోనె పండ్లకు తగలకూడదు, వాటికి ఎడంగా పైన ఉండాలి. ఎండలో ఉన్న ఎర్రని పండు చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది.

ఘాట్ దిగేటప్పుడు

లంబసింగి నుంచి ఘాట్ దిగి, నర్సీపట్నం మీదుగా విశాఖ చేరడానికి వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. మలుపు మలుపుకూ చలి తగ్గి, వేడి పెరుగుతుంది. ఆటోలో, బస్సు టాపుమీద వేసిన అట్టపెట్టెలు ఎండకు కాగుతాయి. కుదుపులకు పండ్లు ఒకదానికొకటి రాసుకుని రసం కారుస్తాయి. పాడైపోవడమంతా బజారులో జరిగిందని అనుకుంటాము గాని చాలా భాగం ఈ దారిలోనే జరిగిపోతుంది.

చేపల వ్యాపారులు వాడే థర్మాకోల్ పెట్టెలు ఇందుకు బాగా పనికొస్తాయి. కాకపోతే చేపకు వేసినట్లు ఐసు ముక్కలు పండుమీద వేయరాదు. కరిగిన నీరు తగిలితే పండు పని అయిపోయినట్లే. నీళ్ళ సీసాలను గడ్డకట్టించి, పాత దినపత్రికలు రెండు మూడు మడతలు చుట్టి, పెట్టె అంచుల్లో నిలబెట్టాలి. వాడిన పెట్టె చేపల వాసన వేయకుండా కొత్తదే కొనుక్కోవాలని వేరే చెప్పనక్కరలేదు. డబ్బాల కింద, మధ్య వరిగడ్డి గాని కాగితపు ముక్కలు గాని దట్టిస్తే కుదుపు తగ్గుతుంది.

ఇక్కడ ఇంకొక మోసం ఉన్నది. చల్లని పండును ఒక్కసారిగా విశాఖ సముద్రపు గాలిలో తెరిచి పెడితే దానికి చెమట పడుతుంది. ఫ్రిజ్ లోంచి తీసిన నీళ్ళ సీసాకు బయట తడి పట్టినట్లే. ఆ తడి చాలు బూజుకు. కాబట్టి పెట్టె చేరిన వెంటనే మూత తీయకుండా, పండు వేడి బయటి వేడికి దగ్గరపడేదాకా అలాగే ఉంచాలి. చల్లగా ఉన్న సరుకును చల్లగానే ఉంచి, కావలసినన్ని డబ్బాలు మాత్రమే బయటకు తీసి అమ్మడం ఇంకా మంచిది. గంటకోసారి చల్లబరచి, గంటకోసారి వేడిచేస్తే అసలు చల్లబరచనిదానికన్నా తొందరగా చెడుతుంది.

కింద నర్సీపట్నం వంటి చోట్ల సరుకు ఒక పూట ఆపవలసి వస్తే ఇటుకల చల్లగది ఒకటి కట్టుకోవచ్చు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980ల తొలినాళ్ళలో రూపొందించిన పద్ధతి ఇది. నేలమీద 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకలు పరిచి, చుట్టూ రెండు వరుసల గోడ 67 సెంటీమీటర్ల ఎత్తుకు లేపుతారు. రెండు గోడల మధ్య మూడంగుళాల సందులో ఏటి ఇసుక నింపి, పొద్దున, సాయంత్రం తడుపుతారు. పైన వెదురు తడికకు గడ్డి కట్టి కప్పుతారు. ఎండ కాసే పొడి వాతావరణంలో లోపల బయటికన్నా 10, 15 డిగ్రీలు తక్కువ ఉంటుంది. సిమెంటు లేదు, కరెంటు లేదు. అయితే దీన్ని కొండమీద కట్టి లాభం లేదు. పొగమంచు ఉన్నచోట నీరు ఆవిరి కాదు, ఆవిరి కానిదే చల్లదనం రాదు. కింద కట్టినా తడి గోడలకు పండ్ల డబ్బాలు ఆనించకూడదు. ఎంత చేసినా ఇది సున్నా డిగ్రీలు ఇవ్వదు. ఒక పూటకో ఒక రోజుకో గండం గట్టెక్కిస్తుంది, అంతే.

విదేశాలలో సరుకు దూరాలకు పంపేటప్పుడు ట్రేల దొంతరకు ప్లాస్టిక్ తొడుగు వేసి లోపల బొగ్గుపులుసు వాయువు నూటికి 15 పాళ్ళ దాకా నింపుతారు. దానికి బూజు అణిగి ఉంటుంది. ఎక్కువ రోజులు ఉంచితే పండుకు వేరే వాసన వస్తుంది. మన కోస్తా చెరువుల రొయ్యల పెంకుల్లాంటి వాటి నుంచే తీసే కైటోసాన్ అనే పదార్థాన్ని పండుకు పలచగా పూస్తే నిలవ పెరుగుతుందని 1990ల తొలినాళ్ళలోనే కెనడాలో పరీక్షించి చూశారు. ఇవి రైతు ఇంటి దగ్గర చేసుకునే పనులు కావు. కాని రొయ్య పెంకు పుట్టే రాష్ట్రంలోనే స్ట్రాబెర్రీ కూడా పండుతున్నప్పుడు చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వంటి చోట ఈ ముచ్చట ఒకసారి ముందుకు రావడం అవసరం.

కొన్నవారికి చెప్పి పంపాలి

బల్లమీద అమ్మేవారు కొన్నవారితో ఒక్క మాట చెబితే మళ్ళీ వచ్చినప్పుడు వారే వెతుక్కుంటూ వస్తారు. డబ్బా కొని, కారు అద్దాలు బిగించి, ఎండలో వదిలి, చుట్టుపక్కల కొండలు చూడటానికి వెళ్ళిపోయే సందర్శకుడు సాయంత్రం తిరిగొచ్చి చూసుకుంటే గుజ్జు మిగులుతుంది. తిట్లు మాత్రం అమ్మినవారికి. తిరుగు ప్రయాణంలోనే కొనమని చెప్పడం ఉభయులకూ క్షేమం.

ఇంటికి తీసుకువెళ్ళినవారు ముందుగా చెడినవి, నలిగినవి ఏరివేయాలి. వెడల్పాటి గిన్నెలో పొడి గుడ్డ పరిచి, కడగకుండా ఒక వరుసగా పేర్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులు ఉంటాయి. ఒక వంతు వెనిగరుకు మూడు వంతుల నీరు కలిపి ముంచి, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి దాచుకునేవారూ ఉన్నారు. పూర్తిగా ఆరబెట్టడం అన్న చోటనే చాలామంది తప్పుతారు. ఆ ఓపిక లేనివారు ఈ పనికి పోకుండా ఉండటమే నయం.

ఇక సోమవారం మిగిలిన పండు సంగతి. మెత్తబడినా బూజు పట్టనిదాన్ని ముచ్చిక తీసి, కడిగి, గడ్డకట్టే పెట్టెలో వేసుకుంటే నెలల తరబడి ఉంటుంది. తర్వాత కొరికి తినడానికి పనికిరాదు గాని రసానికి, జాముకు భేషుగ్గా ఉంటుంది. జాముకు పండుతో సమానంగా పంచదార వేసి, ఈ పండులో గడ్డకట్టే గుణం తక్కువ గనుక నిమ్మరసం పిండి, చెమ్చా నుంచి పలకలాగా జారేదాకా ఉడికించాలి. సీసాలను ముందుగా మరిగే నీళ్ళలో ఉడికించి ఆరబెట్టుకోవాలి. అమ్మకానికి పెట్టేవారు ఆహార భద్రతా సంస్థవారి రిజిస్ట్రేషన్ తీసుకోవలసి ఉంటుంది. మహిళా సంఘాలుగా తీసుకుంటే ఒక్కొక్కరికీ తిప్పలు తగ్గుతాయి. బూజు కనిపించిన పండును మాత్రం ఆ మేరకు కోసేసి జాములో వేద్దామన్న ఆలోచన వద్దు. పైకి కనిపించినదానికన్నా లోపల అల్లుకున్నదే ఎక్కువ.

ఫిబ్రవరి నెల సగం గడిచాక కొండమీద కూడా పగటి ఎండ ముదురుతుంది. రాత్రి చలి అప్పటికి చాలినంత ఉండదు. జనవరిలో రోజు విడిచి రోజు కోసిన మడిని అప్పుడు ప్రతిరోజూ కోయవలసి ఉంటుంది. దూరం పంపే సరుకు తగ్గించుకుని, బల్లమీద అమ్మేదానికీ జాముకూ సరిపోయేలా కోతలు సర్దుకోవాలి.